పద్దు ఎవరి చేతిలో వుంది?
సముదాయ డబ్బు గురించి వాడ నుంచి కొన్ని ఆలోచనలు

షావుకారు, బ్యాంకు, సర్కారు నోటు - ఈ మూడూ లేకుండా మనుషులు తమ పనినీ సరుకునూ ఇచ్చిపుచ్చుకోగలరా? గత నలభై ఏళ్లుగా ప్రపంచంలో చాలాచోట్ల పేదలు ఈ ప్రశ్న వేశారు. వేసి వూరుకోలేదు, చేసి చూశారు. మొదట కాగితం మీద, తర్వాత కంప్యూటర్లో, ఇప్పుడు చేతిలోని ఫోన్లో తమ డబ్బు తాము సృష్టించుకున్నారు. దీన్ని కొందరు సముదాయ డబ్బు అంటున్నారు, కొందరు ప్రత్యామ్నాయ మారకం అంటున్నారు. మన దగ్గర కూడా ఈ మాటలు వినబడుతున్నాయి. "డబ్బు మనుషుల్ని విడగొట్టింది, నమ్మకం కలుపుతుంది, మళ్లీ పల్లె సంబంధాల్లోకి పోదాం" అని చెప్పేవాళ్లూ వున్నారు.

ఈ మాట వినగానే వాడలో పుట్టినవాళ్లకు ఒక అనుమానం రావాలి. వస్తుంది కూడా. పల్లెలో డబ్బు లేని మారకం ఎలా వుండేదో మన పెద్దలకు తెలుసు. అందులో నమ్మకం ఎవరిదో, లాభం ఎవరిదో కూడా తెలుసు. అందుకని సముదాయ డబ్బును కొట్టిపారేయనక్కర్లేదు, నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఒకే ఒక్క ప్రశ్నతో దాన్ని పరీక్షించాలని మేము అనుకుంటున్నాం: పద్దు ఎవరి చేతిలో వుంది?

డబ్బు అంటే ఒక పద్దు

ముందు డబ్బు అంటే ఏమిటో తేల్చుకుందాం. నోటు అనేది కాగితం. దానికి విలువ తెచ్చేది దాని వెనకున్న మాట. "నువ్వు ఎవరికో ఏదో ఇచ్చావు, కాబట్టి నీకు ఇంకొకరి దగ్గర తీసుకునే హక్కుంది" అనే మాట. అంటే డబ్బు ఒక బాకీ లెక్క. నోటు చేతులు మారినప్పుడల్లా ఆ లెక్క చేతులు మారుతుంది.

లెక్కే అసలు విషయమైతే నోటు లేకుండా కూడా లెక్క రాసుకోవచ్చు. కెనడా పశ్చిమ తీరాన కోమాక్స్ లోయలో 1983లో మైకేల్ లింటన్ మొదలుపెట్టిన పద్ధతి ఇదే. అక్కడ పని తెలిసిన మనుషులు వున్నారు, ఆ పని అవసరమైన మనుషులూ వున్నారు. మధ్యలో డాలర్లు లేవు. దాంతో సభ్యులందరికీ ఖాతాలు తెరిచి కంప్యూటర్లో లెక్క రాయడం మొదలుపెట్టారు.

మన వాడ మనుషులతోనే ఈ లెక్క చెప్పుకుందాం. కుట్టుమిషను అక్క కూరగాయలమ్మే పెద్దమ్మకు 200 రూపాయల విలువైన జాకెట్లు కుట్టి ఇచ్చింది. అక్క ఖాతాలో 200 జమ, పెద్దమ్మ ఖాతాలో 200 బాకీ. పెద్దమ్మ ఆ బాకీ అక్కకే తీర్చాలని లేదు. మేస్త్రీకి 200 విలువైన కూరగాయలు ఇచ్చింది. ఆమె ఖాతా సున్నా అయింది, మేస్త్రీకి 200 బాకీ పడింది. మేస్త్రీ వచ్చి అక్క ఇంటి గోడ బాగుచేశాడు. అందరి ఖాతాలూ సున్నా. మూడు పనులు జరిగాయి, ఒక్క రూపాయి బయటినుంచి రాలేదు, వడ్డీ పుట్టలేదు. ఎప్పుడు కూడినా జమలూ బాకీలూ సమానంగా వుంటాయి. దీన్ని పరస్పర పరపతి అనవచ్చు.

అమెరికాలో పౌరహక్కుల లాయరు ఎడ్గర్ కాన్ 1980లలో ఇంకో అడుగు వేశాడు. రూపాయలూ డాలర్లూ కాదు, గంటల్లో లెక్క రాద్దామన్నాడు. ముసలాయన్ని ఆస్పత్రికి తీసుకుపోయిన గంట, లాయరు సలహా ఇచ్చిన గంట - రెండూ ఒక్క గంటే. పని ఏదైనా గంటకు గంట సమానం. కులం పనిని విభజించి వూరుకోలేదు, పనిచేసే మనుషుల్నే మెట్లుమెట్లుగా నిలబెట్టిందని అంబేద్కర్ 1936లోనే చెప్పాడు. అలాంటి సమాజంలో పాకీ పని గంటా పంతులు గంటా సమానమని పద్దులో రాయడం చిన్న మాట కాదు.

ఊరి మారకంలో మన ఖాతా

అయితే "డబ్బు లేకుండా లెక్క రాసుకోవడం" మనకు కొత్త కాదు. ఊరు శతాబ్దాలుగా ఆ పనే చేసింది. చెప్పులు, మోట తోలు, వారు, తాడు - ఇవన్నీ మాదిగవాడ నుంచి ఏడాది పొడుగునా వెళ్లేవి. డప్పు, చాటింపు, కాటి పని, చచ్చిన గొడ్డును ఎత్తే పని కూడా వాడవే. బదులుగా కల్లం దగ్గర గింజల్లో మేర కొలిచేవాళ్లు. చాకలికీ మంగలికీ కుమ్మరికీ కూడా మేర వుండేది. ఈ వ్యవస్థను "పల్లె సహకారం" అని మెచ్చుకుంటూ రాసిన పుస్తకాలకు కొదవ లేదు.

ఈ మారకంలో పద్దు ఎట్లా నడిచేదో చూడండి. పని ఎప్పుడు, ఎంత అనేది దొర చెప్పాలి. గింజ ఎంత అనేది కూడా దొరే చెప్పాలి. కుంచం ఆయనది, కొలిచే చేయి ఆయనది. కరువొస్తే మేర తగ్గుతుంది, పని తగ్గదు. అన్నిటికన్నా ముఖ్యంగా ఇందులోంచి బయటికి పోయే దారి లేదు. పని మానేస్తే ఊరే శత్రువు. వెట్టిలో ఆ గింజ కూడా లేదు. ఎండాకాలం తిండికి నాగు తెస్తే, తెచ్చిన గింజలకు ఇంకా గింజలు కలిపి పంట మీద కొలవాలి. ఆ లెక్క రాసేది ఇచ్చినవాడే. చదువు రానీయకుండా చేసినవాడే పద్దు రాశాడు. తాత తెచ్చిన బాకీకి మనవడు జీతం వున్నాడంటే అది వడ్డీ మహిమ కాదు, కలం మహిమ. ఈ బాకీ బానిసత్వాన్ని రద్దుచేస్తూ కేంద్రం చట్టం తెచ్చింది 1976లో. అంటే స్వాతంత్ర్యం వచ్చిన 29 ఏళ్లకు.

అందుకే నగదు కూలి వాడకు ఒక విడుదల. రోజు కూలి చేతిలో పడితే సాయంత్రానికి లెక్క తెగిపోతుంది. రేపు ఆ ఇంటికి పోవాలా వద్దా అన్నది మన ఇష్టం. పట్నం పోయిన మనిషి పంపిన మనియార్డరు దొర కుంచాన్ని అడగదు. డబ్బు మనిషిని మనిషినుంచి విడగొడుతుందన్న విమర్శ నిజమే కావచ్చు. కాని కొన్ని సంబంధాలు విడగొట్టాల్సినవే.

అయితే నగదు అంటరానితనాన్ని పోగొట్టిందా అంటే లేదు. నాణెం నేల మీద పెట్టమని, దాని మీద నీళ్లు చల్లి తీసుకున్న కొట్లు వున్నాయి. చిల్లర చేతిలో పెట్టకుండా పైనుంచి జారవిడిచిన చేతులు వున్నాయి. నాణేనికి కులం లేదు, దాన్ని ఇచ్చే చేతికీ పుచ్చుకునే చేతికీ వుంది.

అంబేద్కర్ అడిగిన ప్రశ్న

డబ్బు గురించి మాట్లాడుతున్నప్పుడు మన ఉద్యమాలు మరిచిపోతున్న ఒక పుస్తకం వుంది. అంబేద్కర్ లండన్‌లో డాక్టరేటు కోసం రాసి, 1923లో అచ్చువేసిన రూపాయి సమస్య. వ్యక్తుల ఆస్తి మీదా వ్యాపారం మీదా నడిచే సమాజం డబ్బు లేకుండా నడవదన్న మాటతోనే ఆయన మొదలుపెడతాడు. ఆ తర్వాత పుస్తకమంతా నడిచేది ఒక గట్టి ప్రశ్న చుట్టూ: రూపాయలు ఎన్ని అచ్చువేయాలో నిర్ణయించే అధికారం ఎవరిది, దానికి హద్దు ఏమిటి?

ఆనాడు ఆ నిర్ణయం వలస ప్రభుత్వానిది. పాలకుల ఇష్టానికి వదిలేయకుండా రూపాయల ముద్రణకు హద్దు గీయాలని ఆయన వాదించాడు. 1925లో హిల్టన్ యంగ్ కమిషను ముందు కూడా సాక్ష్యం చెప్పాడు. రూపాయి విలువ పడిపోతే ఎగుమతిదారుకు లాభం కనిపిస్తుంది. కాని ధరలు పెరిగినంత వేగంగా కూలి పెరగదు. కాబట్టి ఆ లాభం ఎక్కడినుంచో పుట్టుకొచ్చింది కాదు, కూలివాడి కంచంలోంచి తీసినదే. డబ్బు విలువ మారినప్పుడల్లా ఒక వర్గం నుంచి ఇంకో వర్గానికి సొమ్ము కదులుతుందని ఆయన చూపించాడు. వలస ప్రభుత్వాన్ని అడిగిన ఈ ప్రశ్ననే మనం సముదాయ డబ్బును కూడా అడగాలి. చిన్నది కదా, మనవాళ్లదే కదా అని వదిలేయకూడదు.

ఒక బస్తీ బ్యాంకు కథ

బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయింది 1888లో. విడుదలైనవాళ్లకు భూమి ఇవ్వలేదు. ఆ దేశపు పట్నాల అంచుల్లో వున్న బస్తీల్లో ఎక్కువమంది నల్లవాళ్లూ మిశ్రమ జాతులవాళ్లే. ఈశాన్యాన వున్న ఫోర్తలేజా నగరం సముద్రతీరాన్ని అందంగా చేసుకోవడానికి 1970లలో అక్కడి బెస్తల కుటుంబాలనూ పేదలనూ ఖాళీ చేయించింది. వాళ్లను తీసుకెళ్లి పారేసిన చోటే పల్మెయిరాస్ బస్తీ. నీళ్లు లేవు, కరెంటు లేదు, మురుగుకాలవ లేదు. జనం 1981లో సంఘం పెట్టుకుని కొట్లాడి ఒక్కొక్కటీ సాధించుకున్నారు. తీరా బస్తీ బాగుపడ్డాక పన్నులూ బిల్లులూ కట్టలేక కొందరు ఇళ్లు అమ్ముకుని పోవడం మొదలైంది. కొట్లాడి తెచ్చుకున్న బస్తీలో తామే వుండలేని పరిస్థితి.

"మనం ఎందుకు పేదవాళ్లం?" అని సంఘం తనను తాను అడిగింది. 1997లో ఇల్లిల్లూ తిరిగి లెక్క తీసింది. బస్తీ జనం ఖర్చు పెట్టేదాంట్లో నూటికి 80 వరకూ బయటి దుకాణాలకు పోతోందని తేలింది. బస్తీకి డబ్బు రాకపోవడం ఒక్కటే కాదు, వచ్చింది నిలవకపోవడం కూడా సమస్యే. ఓటికుండలో ఎంత పోసినా ఏం లాభం?

1998 జనవరిలో, అప్పు తెచ్చిన 2,000 రెయిస్‌తో సంఘం బాంకో పల్మాస్ తెరిచింది. ముందుండి నడిపిన జోవాకిం మెలో ఒకప్పుడు కాథలిక్ ఫాదరు చదువుకు చేరి, బస్తీలో పనిచేయడానికి వచ్చి అక్కడే వుండిపోయిన మనిషి. కొన్నేళ్లకు బ్యాంకు పల్మా అనే సొంత నోటు తెచ్చింది. ఒక పల్మాకు ఒక రెయల్. ప్రతి పల్మా వెనకా బ్యాంకులో ఒక రెయల్ దన్నుగా వుంటుంది. పల్మా బస్తీ దాటి చెల్లదు. దుకాణందారు కావాలంటే మార్చుకోవచ్చు. పల్మాతో కొంటే కొన్ని కొట్లలో ధర కొంత తగ్గుతుంది. ఇంటి ఖర్చు కోసం అప్పు పల్మాల్లో, వడ్డీ లేకుండా. పని పెట్టుకోవడానికి అప్పు రెయిస్‌లో, కొద్ది వడ్డీతో. అప్పు అడిగినవాళ్ల దగ్గర ఆస్తి కాగితం అడగరు. చుట్టుపక్కల ఇళ్లను అడుగుతారు.

ఆ దేశపు కేంద్ర బ్యాంకు మొదట దీన్ని దొంగనోటుగా చూసింది, కోర్టుదాకా వెళ్లింది. తీర్పు బస్తీ వైపు వచ్చింది. తర్వాత 2000లలో కేంద్ర ప్రభుత్వమే ఇలాంటి బ్యాంకులు పెట్టడానికి సాయం చేసింది. దేశంలో వందకు పైగా పుట్టాయి. కాగితం నోటు పోయి ఫోన్‌లో ఖాతా వచ్చింది. రియో దగ్గరి మరికా మునిసిపాలిటీ 2013లో ముంబుకా అనే డిజిటల్ డబ్బు తెచ్చి, చమురు రాయల్టీల్లోంచి పేదలకు నెలనెలా ఆదాయం అందులోనే వేసింది. 2020లో కరోనా సమయాన మనిషికి నెలకు 130 వున్నదాన్ని 300 చేసింది. ఆ డబ్బు వూళ్లోనే తిరగాలి కాబట్టి చిన్న కొట్లు కూడా నిలబడ్డాయి.

ఇక్కడ ఒక వరుస గమనించాలి. ముందు సంఘం వుంది, పోరాటం వుంది, ఆ తర్వాతే డబ్బు వచ్చింది. డబ్బు సంఘాన్ని పుట్టించలేదు. ముంబుకా వెనక చమురు సొమ్ము వుంది, అంటే పేదలకు ఆదాయం కూడా వచ్చింది. ఉన్న పేదరికాన్నే అటూఇటూ తిప్పుకోవడం కాదు.

ఫోన్ వచ్చాక

కెన్యాలో మొంబాసా నగరం పక్కన ఒక మురికివాడ పేరు బంగ్లాదేశ్. 2013 మే నెలలో అక్కడి చిన్న వ్యాపారులు, ఎక్కువగా ఆడవాళ్లు, బంగ్లా-పెసా అనే కాగితపు వోచరు తెచ్చారు. ఒకరికొకరు పూచీ పడి సభ్యుల్ని చేర్చుకున్నారు. అమ్మకాలు లేని రోజు కూడా ఒకరి దగ్గర ఒకరు కొనుక్కునే వీలు కలిగింది. ఆ నెల తిరగకముందే నిర్వాహకుడు విల్ రడిక్‌నూ ఇంకో ఐదుగురినీ పోలీసులు పట్టుకుపోయారు. వేర్పాటువాదులతో సంబంధం అంటగట్టారు. ఆగస్టులో కేసు ఎత్తేశారు. బస్తీ మనుషులు తమ లెక్క తాము రాసుకుంటే రాజ్యం ఎట్లా వులిక్కిపడుతుందో ఫోర్తలేజాలోనూ మొంబాసాలోనూ ఒకేలా కనిపిస్తుంది.

తర్వాత ఇది సరాఫు అనే పేరుతో ఫోన్లలోకి వచ్చింది. మామూలు బటన్ల ఫోన్ వుంటే చాలు, నెంబరు నొక్కి పంపుకోవచ్చు. 2020 కరోనా కాలంలో కెన్యా రెడ్‌క్రాస్ తోడుతో ఇది బాగా వ్యాపించింది. సరాఫు అంటే స్వాహిలీలో నాణెం. మన షరాబు కూడా ఆ అరబ్బీ మూలం నుంచి వచ్చిన మాటే. నాణేలు మార్చే షావుకారు పేరు మన దగ్గరుంటే, వాళ్ల దగ్గర అదే మాట షావుకారు అక్కర్లేని డబ్బుకు పేరయింది.

ఫోన్ పద్దును చౌక చేసింది. వేల ఖాతాలు ఒక్క గుమస్తా లేకుండా నడుస్తాయి. కాని గుమస్తా పోయినంత మాత్రాన పద్దు మన చేతికి రాదు. లెక్క వున్న కంప్యూటరు ఎవరిదో, దాని నియమాలు ఎవరు మార్చగలరో, ఎవరు ఎవరికి ఎంత పంపారన్న సమాచారం ఎవరు చూస్తారో చెప్పగలిగితేనే అది మనది.

పద్దు చెడితే

అర్జెంటీనా అనుభవం హెచ్చరిక లాంటిది. 1995 మేలో బ్యూనస్ ఎయిరిస్ పక్కన బెర్నాల్ అనే చోట ఇరుగుపొరుగు పాతికమంది లోపే కలిసి మారకం సంఘం పెట్టుకున్నారు. తమలో తాము చెల్లే చీటీలు అచ్చేసుకున్నారు. 2001 చివర్లో దేశం దివాలా తీసి, బ్యాంకుల్లో జనం సొమ్ము ఆగిపోయింది. లక్షలమంది ఈ సంఘాల్లోకి వచ్చిపడ్డారు. చీటీలు ఎవరు ఎన్ని అచ్చేస్తున్నారో లెక్క తప్పింది. దొంగ చీటీలు వచ్చాయి. చీటీకి ధరలు మండిపోయాయి. 2002 ముగిసేసరికి ఎక్కువ సంఘాలు కూలిపోయాయి. అందరికన్నా ఎక్కువ నష్టపోయింది చివరగా చేరిన నిరుపేదలు. వాళ్ల దగ్గర ఆ చీటీలు తప్ప ఇంకేం లేవు మరి. ముద్రణకు హద్దు ఎవరు గీస్తారన్న అంబేద్కర్ ప్రశ్న బెర్నాల్ చీటీకి కూడా వర్తిస్తుందన్నమాట.

మన నేల మీద

మన దగ్గర ఇలాంటి అనుభవం లేదా? వుంది. జహీరాబాదు చుట్టుపక్కల డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని ఆడవాళ్లలో ఎక్కువమంది దళితులు. 1990ల మధ్యలో వాళ్లు పడావు పడ్డ భూముల్ని అప్పు సాయంతో సాగులోకి తెచ్చి జొన్న పండించారు. ఆ అప్పును జొన్నల్లోనే తీర్చారు. ఆ గింజ వూరి పాతరల్లో చేరింది. ఎండాకాలం అత్యంత పేద కుటుంబాలకు తక్కువ ధరకు అందింది. ఎవరు పేదలో తేల్చింది కూడా ఆ ఆడవాళ్లే. ఒకప్పుడు నాగు గింజకు దొర గడప తొక్కిన చోట గింజ అప్పు, గింజ వాయిదా తమ చేతికి వచ్చాయి. మారకం అదే గింజ, కుంచం మాత్రం చేతులు మారింది. మేము చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మార్పులో వుంది.

పొదుపు సంఘాల కథ రెండు వైపులా నడిచింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం వెనకే పొదుపు ఉద్యమం వచ్చింది. రోజుకు రూపాయి దాచిన ఆడవాళ్లు తమలో తాము అప్పు ఇచ్చుకున్నారు. ఆ తర్వాత అదే గుంపు పద్ధతిని ప్రైవేటు మైక్రోఫైనాన్స్ కంపెనీలు వాడుకున్నాయి. ఒక్కరు కట్టకపోతే గుంపంతా కట్టాలి. దాంతో కంపెనీ మనిషి కన్నా ముందు పక్కింటి మనిషే గడప ముందు కూర్చుంది. 2010లో ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాక అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. సముదాయమే తాకట్టు అయింది.

2020 కరోనాలో అప్పు యాప్‌లు దీన్ని ఇంకా కిందికి దించాయి. ఫోన్‌లోని నెంబర్లన్నీ లాక్కుని, వాయిదా తప్పితే చుట్టాలకూ స్నేహితులకూ మెసేజీలు పెట్టి పరువు తీశాయి. హైదరాబాదులో ప్రాణాలు పోయాక ఆ డిసెంబరులో పోలీసులు అరెస్టులు చేశారు. ఫోన్‌లోని నెంబర్ల జాబితా ముట్టుకోరాదని 2022లో రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. మన సంబంధాల వల ఎవరి చేతిలో వుంటే వాళ్లు దాన్ని లాగుతారు. మన చేతిలో వుంటే చేప పడుతుంది, వాళ్ల చేతిలో వుంటే మనం పడతాం.

ఏం అడగాలి?

ఎవరైనా వచ్చి "మన సముదాయానికి మన డబ్బు" అంటే కార్యకర్తలు అడగాల్సినవి కొన్ని వున్నాయి. పద్దు ఎవరు రాస్తారు, సభ్యులందరి ముందూ గట్టిగా చదువుతారా? ఉపాధి హామీ పనుల మీద 2006 నుంచి మన రాష్ట్రంలో జరిగిన సామాజిక తనిఖీల్లో మస్టరు చదివి వినిపించినప్పుడు ఎన్ని దొంగపేర్లు బయటపడ్డాయో మనకు గుర్తుంది. ఎంత ముద్రించాలో, ఎంతవరకు బాకీ పడనివ్వాలో ఎవరు తేలుస్తారు? ఏ పనికి ఎంత విలువ అన్నది పాత కులం మెట్ల ప్రకారమేనా? ఊరి కొట్టు మన చీటీ పుచ్చుకుంటుందా, లేక వాడ డబ్బు వాడలోనే తిరిగి ఇంకో వెలి అవుతుందా? ఇష్టం లేనివాళ్లు బాకీ తీర్చి, చెయ్యి దులుపుకుని బయటికి పోవచ్చా? ఈ చివరి ప్రశ్నకు జవాబు లేకపోతే ఎంత అందమైన పేరు పెట్టినా అది మేర వ్యవస్థే.

చట్టం కూడా తెలుసుకుని వుండాలి. 1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టం 31వ సెక్షను ప్రకారం, ఎవరి చేతిలో వుంటే వాళ్లకు అడిగిన వెంటనే చెల్లిస్తామనే పత్రాలను ప్రైవేటు వ్యక్తులు జారీ చేయకూడదు. అందుచేత పల్మా లాంటి నోటు ఇక్కడ అచ్చేస్తే చిక్కు తప్పదు. సభ్యుల ఖాతాల లెక్క, గింజ బ్యాంకు, పనికి పని - ఇవి వేరే దారులు. సభ్యులే యజమానులుగా, సర్కారు పెత్తనం తక్కువగా వుండే సంఘాల కోసం 1995లో ఉమ్మడి రాష్ట్రంలో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. పొదుపు సంఘాలు చాలా దాన్ని వాడుకున్నాయి.

ఇంకో మాట. మారకం మారినంత మాత్రాన ఆస్తి మారదు. భూమి లేనివాళ్లు తమలో తాము ఎంత ఇచ్చిపుచ్చుకున్నా బియ్యం పండే పొలం వేరేవాళ్లది. సముదాయ డబ్బు భూమి పోరాటానికీ కూలి పోరాటానికీ తోడు కాగలదు, బదులు కాలేదు. జహీరాబాదు ఆడవాళ్లకు పాతర కన్నా ముందు సాగు చేయడానికి నేల చిక్కింది. పల్మెయిరాస్ జనానికి బ్యాంకు కన్నా ముందు సంఘం వుంది.

టీచర్లకూ విద్యార్థులకూ ఒక పని సూచిస్తున్నాం. మీ వాడలో ఒక నెలపాటు లెక్క తీయండి. కూలి రూపంలో ఎంత వచ్చింది, వడ్డీకి ఎంత పోయింది, ఏ కొట్టుకు ఎంత పోయింది, వాడలోనే ఎంత తిరిగింది? లెక్క వాడ మనుషులే రాయాలి, రాసింది వాడ నడుమ చదవాలి. డబ్బు తర్వాత సంగతి. పద్దు చేతికి రావడం అక్కడే మొదలవుతుంది.